అరవై ఒకటో వరుస

మార్చి నెలాఖరుకు లెక్క పంపాలి.
ఎవరు ఎన్ని పేపర్లు రాశారు,
వాటిని లోకంలో ఎందరు తలుచుకున్నారు.
సైటేషన్లంటారు.
చేట్‌పట్‌లో మూడో అంతస్తు, కిర్రుమనే ఫ్యాను కింద
ఆ లెక్క నాది.

తెల్లారకముందే సూళ్లూరుపేటలో లోకలెక్కి వస్తాను.
సైన్సు నాకు రాదు. బీకాం.
ఎవరి పేరు పక్కన ఎంత అంకెందో వచ్చు.
కొందరి అంకెలు పొయ్యి మీద పాలు,
మనం చూడనప్పుడే పొంగుతాయి.
కొందరివి తాళం వేసిన ఇంటి కరెంటు మీటరు.

డాక్టర్ పూదోట ఫిలోమినా.
పేపర్లు యాభై నాలుగు. జూన్‌లో రిటైర్‌మెంటు.
పెద్ద అంకె ఒక్కదానికే: నాలుగు వందల పన్నెండు.
ఎనభై ఇద్దరు క్షయ రోగులు, ఆరు నెలల మందు,
తొంభై ఒకటిన్నర శాతం నయం.
"మన బిల్డింగులో ఇదే టాప్ మేడమ్" అన్నాను
స్వీటు అడిగే గొంతుతో.

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.
"దాని కింద ఇంకోటి ఉండాలే, చూడు."
ఉంది. అర పేజీ. సవరణ.
తలుచుకున్నవాళ్లు: సున్నా.

మూడో పట్టికలో అరవై ఒకటో వరుసట.
పులియంతోపు మనిషి, చేపల బండి.
ఆరో నెల తెమడ పరీక్షకు రాలేదు.
రాలేదంటే తగ్గినట్టేలే అని
ఎవరో గడిలో టిక్కు పెట్టారు.
"ఎవరో ఏంటి, నేనే" అంది.
"ఐదున్నరైంది. వాన. బస్సు పోతుందని."

అచ్చయిన మూడేళ్లకు
వేరే పని మీద ఆ సందులోకి పోతే
గోడకి ఫోటో, ఎండిన చామంతి దండ,
ఫోటో కింద తేదీ
ఐదో నెలది.
భార్య కుర్చీ వేసింది. కూల్‌డ్రింకు తెప్పించింది.
"మీ మందు మంచిదేనా డాక్టరమ్మా?" అని అడిగింది,
తప్పు పట్టడానికి కాదు,
మరిదికీ దగ్గు మొదలైందట, అందుకు.

ఒక్కడు తగ్గితే తొంభై పాయింటు రెండు.
దానికే తీర్మానం మారదు, అన్నారు
పేపరు మీద పేరున్నవాళ్లంతా.
నిజమే, మారలేదు.
ఈమె ఒక్కతే పట్టుబట్టి రాసింది సవరణ.
వాళ్లు వేశారు, చివరి పేజీలో,
అచ్చుతప్పులా.

ఆ సాయంత్రం లెక్క మూయలేదు నేను.
నాలుగు వందల పన్నెండూ తెరవడం మొదలుపెట్టాను.
అర్థం కాని ఇంగ్లీషు, గీతలు, బొమ్మలు.
ఒక్క అంకె కోసమే వెతికాను.
పెరూలో, హనోయిలో,
ఎక్కడో మంచు కురిసే యూనివర్సిటీలో
తొంభై ఒకటిన్నర. మళ్లీ తొంభై ఒకటిన్నర.
అన్నిచోట్లా ఆ మనిషి బతికే ఉన్నాడు.
మందు పూర్తి చేశాడు. ఒళ్లు చేశాడు.
కాసిమేడులో ఐసు నీళ్లు తొక్కుతూ
వంజరం చేప మొప్పలెత్తి చూసి
ఇంత రేటా అని పోట్లాడుతున్నాడు.
ఇంటికెళ్లమని చెప్పేవాళ్లు లేరు.

ముప్ఫై ఏడు తెరిచేసరికి వాచ్‌మన్ లైట్లార్పాడు.
కూవం వాసన మెట్ల దాకా వచ్చింది.
రైల్లో ఎవరో దగ్గుతుంటే
ఎన్నిసార్లో లెక్కపెడుతున్నానని
పొన్నేరి దాటాక గానీ తెలీలేదు.

ఫారంలో తొమ్మిదో గడి అంకెలే తీసుకుంటుంది.
మాటలు టైపు చేస్తే ఎర్రబడుతుంది.
మర్నాడు ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది.
"పంపేశావా?"

"ఇంకా లేదు మేడమ్.
నాలుగు వందల పదమూడైంది.
రాత్రి ఒకటి పెరిగింది."

కాసేపు నా స్క్రీను వైపు కాకుండా
కిటికీ వైపు చూసింది.

"ఎలా ఉన్నాడు?" అంది.

నేను డ్రాయరు తీసి
స్టేప్లర్ వెతుక్కున్నాను.